కెమెరా చూస్తుంది సరే, మన మాట వినేదెవరు?

పదో తరగతి ఫలితాలు వచ్చిన నెలలో బాగేపల్లి, చింతామణి, చిక్కబళ్ళాపురం తాలూకాల్లో చాలా ఇళ్ళలో ఒకే చర్చ. పిల్లను పీయూసీకి బెంగుళూరు పంపాలా, ఊళ్ళోనే ఉంచాలా? మార్కులు బాగానే ఉంటాయి, ఫీజూ ఎలాగో సర్దుకుంటారు. అడ్డం వచ్చేది భయం. సాయంత్రం బస్సు దిగి హాస్టలుకు నడిచే దారిలో ఏమైనా అయితే ఎవరు చూస్తారు? ఈ భయం వల్లే ఎంతోమంది అమ్మాయిల చదువు మన ఊళ్ళలోనే ఆగిపోతోంది.

ఈ ప్రశ్నకు బెంగుళూరు నగరం కొన్నేళ్ళుగా కోట్లు ఖర్చు పెట్టి ఒక జవాబు తయారు చేసుకుంది. అదేమిటో, అందులో మన పిల్లలకు అక్కరకొచ్చేది ఎంతో, తెలుగు ఇంటిభాషగా ఉన్న మనకు అందకుండా పోయేది ఎంతో తల్లిదండ్రులు, తోటి ఉపాధ్యాయులు తెలుసుకోవాలి.

ఎనిమిది నగరాలు, ఒక నిధి

2012 డిసెంబరులో ఢిల్లీ బస్సులో జరిగిన ఘోరం తరువాత కేంద్ర ప్రభుత్వం 2013 బడ్జెట్టులో ₹1,000 కోట్లతో నిర్భయ నిధిని ఏర్పాటు చేసింది. 2018లో ఆ నిధి కింద ఎనిమిది పెద్ద నగరాలకు 'సేఫ్ సిటీ' పథకం మంజూరైంది. బెంగుళూరు వాటా ₹667 కోట్లు, హైదరాబాదు వాటా ₹282.50 కోట్లు. ఖర్చులో 60 శాతం కేంద్రానిది, 40 శాతం రాష్ట్రానిది.

ఆ డబ్బుతో బెంగుళూరులో 7 వేలకు పైగా కెమెరాలు పెట్టారు. వాటి దృశ్యాలన్నీ ఒకచోట చూసే కమాండ్ సెంటరును 2023 నవంబరులో ముఖ్యమంత్రి సిద్దరామయ్య ప్రారంభించారు. ఈ కెమెరాలన్నీ ఒక రకం కావు. కొన్ని ఒకే దిక్కు చూస్తూ ఉంటాయి. కొన్నింటిని కంట్రోల్ రూములో కూర్చుని అటూ ఇటూ తిప్పవచ్చు, దూరంలో ఉన్నదాన్ని దగ్గరకు తెచ్చుకోవచ్చు. కొన్ని బండి నంబరు ప్లేటు చదువుతాయి. రద్దీ చోట్ల 'సేఫ్టీ ఐలాండ్' పేరుతో స్తంభాలు నిలబెట్టారు. ఆపదలో ఉన్నవారు అక్కడి బటన్ నొక్కితే కమాండ్ సెంటరులో ఉన్న పోలీసుతో నేరుగా మాట్లాడవచ్చు. బెంగుళూరులో చదివే పిల్లలకు ఈ స్తంభాలు ఎలా ఉంటాయో చూపించి పంపడం మన పని.

హైదరాబాదు ఇంకా పెద్ద ఎత్తున కట్టింది. బంజారాహిల్స్‌లో దాదాపు ₹600 కోట్లతో నిర్మించిన పోలీసు కమాండ్ కంట్రోల్ సెంటరు 2022 ఆగస్టు 4న ప్రారంభమైంది. అయితే ఆ నగరంలో మహిళలకు ఎక్కువ ధైర్యం ఇచ్చినవి అంతకు ఎనిమిదేళ్ళ ముందే, 2014 అక్టోబరులో మొదలైన షీ టీములు. మామూలు బట్టల్లో బస్టాపుల్లో, కాలేజీల దగ్గర తిరిగే పోలీసులే ఆ టీములు. మనుషులు ముందు వచ్చారు, అద్దాల మేడలు తరువాత వచ్చాయి. ఈ వరుసను మనం గుర్తుపెట్టుకోవాలి.

యంత్రం పొరపడితే

కెమెరా పెట్టగానే నేరం ఆగదు. కెమెరా ఒక కన్ను మాత్రమే. చూసినదాన్ని అర్థం చేసుకునే మనిషి, వెంటనే కదిలే బండి, తరువాత కోర్టులో నిలబడే సాక్ష్యం, ఈ మూడూ ఉంటేనే ఆ కన్నుకు విలువ. 2023 అక్టోబరు 26 ఉదయం పొగమంచులో చిక్కబళ్ళాపురం దగ్గర 44వ నంబరు జాతీయ రహదారి మీద ఆగి ఉన్న ట్యాంకరును ఒక బండి గుద్దుకుని పన్నెండు మందికి పైగా చనిపోయారు. ఆంధ్ర పల్లెల నుంచి బెంగుళూరుకు బతుకుదెరువు కోసం వెళ్ళేవారు అందులో ఉన్నారు. దారి పొడవునా ఎన్ని కెమెరాలున్నా, ఆగిన బండిని చూసి పక్కకు తీయించే మనిషి వేళకు రాకపోతే ఆ కెమెరాకు ప్రమాదం రికార్డు చేయడమే మిగులుతుంది.

ముఖాన్ని గుర్తుపట్టే సాఫ్ట్‌వేర్ సంగతి ఇంకా జాగ్రత్తగా చూడాలి. అది 'ఇతడే' అని చెప్పదు, 'ఇంత శాతం పోలిక ఉంది' అని చెబుతుంది. ఢిల్లీ పోలీసులు 2022లో సమాచార హక్కు చట్టం కింద ఇచ్చిన జవాబులో 80 శాతం పైబడిన పోలికను సరిపోయినట్టు లెక్కిస్తామని తెలిపారు. లెక్కల అయ్యవార్లు దీన్ని ఎనిమిదో తరగతిలో ఒక లెక్కగా ఇవ్వవచ్చు. రోజుకు లక్ష మంది నడిచే బస్టాండులో ఒక యంత్రం నూటికి ఒక్కసారే పొరపడుతుందనుకుందాం. రోజుకు ఎంతమందిని తప్పుగా పట్టుకుంటుంది? వెయ్యి మందిని. 'నూటికి తొంభైతొమ్మిది సరి' అన్న మాట వినడానికి ఎంత బాగుందో, ఆ వెయ్యిలో మన పిల్లవాడు ఉంటే అంత కష్టంగా ఉంటుంది.

ఇది ఊహ మాత్రమే కాదు. అమెరికాలో డెట్రాయిట్ పోలీసులు 2020 జనవరిలో ఇలాంటి పోలికను నమ్మి, ఏ తప్పూ చేయని ఒక నల్లజాతి తండ్రిని అతని ఇంటి ముందే, భార్యాబిడ్డలు చూస్తుండగా అరెస్టు చేశారు. శాన్‌ఫ్రాన్సిస్కో నగరం 2019లోనే తన విభాగాలు ఈ సాఫ్ట్‌వేర్ వాడకూడదని నిషేధించింది. బ్రిటన్‌లో సౌత్ వేల్స్ పోలీసులు దీన్ని వాడిన తీరు చట్టవిరుద్ధమని 2020 ఆగస్టులో అప్పీలు కోర్టు తీర్పు చెప్పింది. హైదరాబాదులో ఇదే విషయం మీద ఒక సామాజిక కార్యకర్త వేసిన పిటిషన్‌పై తెలంగాణ హైకోర్టు 2022 జనవరిలో ప్రభుత్వానికి నోటీసులిచ్చింది.

సేకరించిన వివరాలను కాపాడటం మరో పెద్ద పని. ప్రజల భద్రత కోసం తెలంగాణ పోలీసులు నడిపే హాక్ ఐ యాప్ వివరాలే 2024లో దొంగతనానికి గురయ్యాయి. ఆ కేసులో జూన్ నెలలో ఒక విద్యార్థిని అరెస్టు చేశారు.

ఆంతరంగికత మన ప్రాథమిక హక్కు అని సుప్రీంకోర్టు తొమ్మిదిమంది న్యాయమూర్తుల ధర్మాసనం 2017 ఆగస్టు 24న తీర్పునిచ్చింది. ఆ కేసు వేసినవారు మన కర్ణాటక హైకోర్టులోనే న్యాయమూర్తిగా పనిచేసి విరమించిన కె.ఎస్. పుట్టస్వామి గారు. భద్రత కావాలి, హక్కూ కావాలి. ఒకటి ఇచ్చి రెండోది తీసుకుంటామంటే ప్రశ్నించే ధైర్యం పిల్లలకు బడిలోనే రావాలి.

భాష దగ్గర ఆగిపోయే సాయం

ఇప్పుడు అసలు మన సంగతికి వద్దాం. బెంగుళూరు నుంచి బాగేపల్లి దాదాపు 100 కిలోమీటర్లు. చేలూరు, గుడిబండ వైపు పల్లెల్లో పొలం మాట, సంత మాట, ఇంటి మాట అన్నీ తెలుగే. పిల్లలు బడిలో కన్నడం నేర్చుకుంటారు కాబట్టి ఎక్కడైనా నెట్టుకొస్తారు. అవ్వాతాతలకు, చదువుకోని తల్లులకు ఆ వీలు లేదు. ఆపద వచ్చినప్పుడు ఎవరికైనా నోట వచ్చేది కన్నతల్లి భాషే.

112కు ఫోన్ చేస్తే అవతల మనిషి మొదట అడిగేది రెండే: ఏమైంది, ఎక్కడున్నారు? ఎక్కడున్నారో చెప్పలేకపోతే ఎంత మంచి యంత్రమైనా తడుముకోవాల్సిందే. పైగా సరిహద్దు పల్లెల్లో ఫోను ఒక్కోసారి అవతలి రాష్ట్రం టవరును పట్టుకుంటుంది. అప్పుడు కాల్ ఆంధ్ర వైపు కంట్రోల్ రూముకు వెళ్ళవచ్చు. అందుకని ఫోన్ ఎత్తగానే మొదట 'కర్ణాటక, చిక్కబళ్ళాపుర జిల్లా' అని, తరువాత తాలూకా, ఊరు, దగ్గరలో ఉన్న గుడి, బడి, టోల్ గేటు ఏదో ఒక గుర్తు చెప్పే అలవాటు చేయాలి. ఇదే సంగతి కన్నడంలో నాలుగు వాక్యాలుగా రాసి, ప్రతి పిల్లవాడికీ వచ్చేదాకా చెప్పించవచ్చు. ఇంటికెళ్ళి అవ్వకు నేర్పమనడమే హోంవర్క్.

చట్టం మనకు ఇచ్చిన వీలు కొంత ఉంది. 2024 జూలై 1 నుంచి అమల్లో ఉన్న భారతీయ నాగరిక్ సురక్ష సంహిత 173వ సెక్షన్ ప్రకారం, నేరం ఎక్కడ జరిగినా మనకు దగ్గరలోని స్టేషనులో ఫిర్యాదు ఇవ్వవచ్చు. దీన్నే 'జీరో ఎఫ్‌ఐఆర్' అంటారు. బెంగుళూరులో పిల్లకు ఏదైనా జరిగితే తల్లిదండ్రులు బాగేపల్లి స్టేషనులోనే ఫిర్యాదు చేయవచ్చన్నమాట. ఫోను ద్వారా, కంప్యూటరు ద్వారా పంపినా చెల్లుతుంది, మూడు రోజుల్లోగా వెళ్ళి సంతకం పెట్టాలి. నోటితో చెప్పినదాన్ని పోలీసులు రాసి, చదివి వినిపించాలి. ఎఫ్‌ఐఆర్ నకలు ఉచితంగా ఇవ్వాలి. అది కన్నడంలో ఉంటే, తెలుగులో అర్థం చెప్పమని అడిగి, అర్థమయ్యాకే సంతకం పెట్టండి. అడగడం తప్పు కాదు.

పిల్లల విషయంలో చట్టం ఇంకా స్పష్టంగా ఉంది. 2012 నాటి పోక్సో చట్టం 19వ సెక్షన్ ప్రకారం, పిల్లలు చెప్పే ఫిర్యాదును వారికి అర్థమయ్యే సులభమైన మాటల్లో రాయాలి. రాసే భాష పిల్లలకు తెలియకపోతే దుబాసీని ఏర్పాటు చేయాలి. 24వ సెక్షన్ ప్రకారం, వాంగ్మూలం తీసుకునే పోలీసు అధికారి యూనిఫాంలో ఉండకూడదు, పిల్లల ఇంట్లోనో వారు కోరిన చోటో మాట్లాడాలి. ఈ రెండు సెక్షన్లు ప్రతి తెలుగు బడి నోటీసు బోర్డు మీద తెలుగులో ఉండాలి.

పోలీసులనూ చూసే కెమెరా

కెమెరా పౌరుడి వైపు మాత్రమే తిరిగి ఉండదు. ప్రతి పోలీసు స్టేషనులో మాట కూడా వినిపించే కెమెరాలుండాలని సుప్రీంకోర్టు 2020 డిసెంబరు 2న పరమ్‌వీర్ సింగ్ సైనీ కేసులో ఆదేశించింది. ఇల్లు సోదా చేసేటప్పుడు వీడియో తీయాలని కొత్త సంహిత 105వ సెక్షన్ చెబుతోంది. ఏడేళ్ళు, అంతకు మించి శిక్ష పడే నేరాల్లో ఫోరెన్సిక్ నిపుణులు స్థలానికి వచ్చి ఆధారాలు సేకరించాలని 176వ సెక్షన్ అంటోంది. యంత్రాలు కొనడం వల్ల సామాన్యుడికి కలిగే అసలు మేలు ఇదే. కొట్టి ఒప్పించే పద్ధతి పోయి, ఆధారం చూపించే పద్ధతి రావాలి. వేలిముద్రలు దాచి పోల్చే కార్యాలయం ప్రపంచంలోనే మొదట 1897లో మన కలకత్తాలో పుట్టిందని, దాని వెనుక అజీజుల్ హక్, హేమచంద్ర బోస్ అనే ఇద్దరు భారతీయుల లెక్కల తెలివి ఉందని పిల్లలకు చెబితే విజ్ఞానశాస్త్రం పాఠం ఎంతో ఇష్టంగా వింటారు.

మరోవైపు మోసగాళ్ళూ యంత్రాలు నేర్చారు. పోలీసు యూనిఫాం వేసుకుని వీడియో కాల్‌లో 'డిజిటల్ అరెస్టు' చేశామని బెదిరించి డబ్బు గుంజుతున్నారు. అలాంటి అరెస్టు ఏ చట్టంలోనూ లేదు. డబ్బు పోతే సిగ్గుపడి కూర్చోకుండా వెంటనే 1930కి ఫోన్ చేయాలి. ఆలస్యమయ్యే కొద్దీ డబ్బు ఒక ఖాతా నుంచి ఇంకో ఖాతాకు దాటిపోతుంది. సైబర్ నేరాల కోసం మన జిల్లాలోనూ సీఈఎన్ పోలీసు స్టేషను ఉంది. పిల్లల కోసం 1098, మహిళల కోసం 181 ఉన్నాయి.

మనం అడగాల్సినవి

2025 జూలైలో కర్ణాటక ప్రభుత్వం 'మనె మనెగె పోలీస్' పేరుతో ఇంటింటికీ పోలీసు వెళ్ళే కార్యక్రమం మొదలుపెట్టింది. మన తాలూకాలకు ఇది మంచి అవకాశం. మీ ఇంటికి వచ్చిన బీటు పోలీసు పేరు, నంబరు రాసిపెట్టుకోండి. ఇంట్లో తెలుగు మాత్రమే వచ్చిన పెద్దవాళ్ళున్నారని చెప్పండి.

బడి అభివృద్ధి సమితి సమావేశంలో ఒక తీర్మానం చేసి జిల్లా అధికారులకు అర్జీ ఇవ్వవచ్చు. అందులో మూడు కోరికలు చాలు: 112 కంట్రోల్ రూములో ప్రతి షిఫ్టులో తెలుగు తెలిసిన ఒకరు, సరిహద్దు తాలూకాల స్టేషన్లలో సహాయ నంబర్ల బోర్డు తెలుగులో కూడా, పోక్సో కేసుల కోసం తెలుగు దుబాసీల జాబితా. ఆరువందల కోట్ల కెమెరాల ముందు వీటి ఖర్చు ఏపాటిది? మాతృభాషలో ప్రాథమిక విద్యకు వసతులు కల్పించాలని రాజ్యాంగం 350ఎ అధికరణ చెబుతోంది. బడిలో గౌరవం పొందిన భాష స్టేషను మెట్ల దగ్గర ఆగిపోవడం న్యాయం కాదు.

ఆ పక్కనే మన వంతు పని కూడా ఉంది. తెలుగు బడి అంటే కన్నడానికి దూరంగా ఉండే బడి కాదు. తెలుగులో ఆలోచించి, కన్నడంలో ధైర్యంగా అడగగలిగే పిల్లను తయారు చేస్తేనే బెంగుళూరు బస్సు ఎక్కించేటప్పుడు తల్లి మనసు కాస్త కుదుటపడుతుంది. ఈ విద్యాసంవత్సరం మొదటి వారంలోనే ఆ నాలుగు కన్నడ వాక్యాలు, ఆ నాలుగు ఫోను నంబర్లు ప్రతి తరగతి గోడ మీద రాయిద్దాం.