'జ్ఞా'కు జడిసిన యంత్రము

కంప్యూటరు ముందు రాత్రింబవళ్లు కూర్చుండువారు నవ్వెరుగని మనుష్యులని పలువురు తలంతురు. అది నిజము కాదు. యూనిక్స్ అను ఆపరేటింగ్ సిస్టమును, ఆ జాతికే చెందిన లినక్స్ మొదలగువానిని అభిమానించువారికి హాస్యప్రియత్వము మెండు. ఆపరేటింగ్ సిస్టమనగా యంత్రములోని సమస్త కార్యములను నడపు మూల ప్రోగ్రాము.

1969వ సంవత్సరమున అమెరికాలోని బెల్ ప్రయోగశాలలో కెన్ థాంప్సన్, డెన్నిస్ రిచీ ప్రభృతులు యూనిక్సునకు శ్రీకారము చుట్టిరి. అంతకు పూర్వము వారు మల్టిక్స్ అను పెద్ద వ్యవస్థపై శ్రమించియుండిరి. 'మల్టి' యనగా పెక్కు, 'యూని' యనగా ఒక్కటి. కావున పేరే ఒక శ్లేష. 1983లో రిచర్డ్ స్టాల్‌మన్ తాను తలపెట్టిన వ్యవస్థకు గ్నూ అని పేరిడి, 'గ్నూ యూనిక్స్ కాదు' అని దానికి విస్తరణము చెప్పెను. అందలి గ్నూ యననేమని అడిగినచో మరల అదే సమాధానము!

ఈ హాస్యమునకు మూలము విసుగు. యూనిక్స్ మితభాషి. రెండక్షరముల ఆజ్ఞ నిచ్చిన చాలును, నిశ్చయమేనా యని యడుగకయే ఫైళ్లను తుడిచివేయును. లినక్సులో ప్రింటరు చెడి, కారణము తెలియనప్పుడు, 'ప్రింటరు మండుచున్నది' అను సందేశము వచ్చుచుండెడిది. మంట యెక్కడను లేదు! క్రియేట్ అను ఇంగ్లీషు మాటను యూనిక్సులో ఒక సిస్టమ్ కాల్‌కు పేరుగా పెట్టుచు తుది 'ఈ' అక్షరమును విడిచివేసిరి. మరల యూనిక్సును నిర్మించినచో ఏమి మార్చెదరని యడుగగా, ఆ 'ఈ'ని చేర్చెదనని థాంప్సన్ పలికిరని ప్రసిద్ధి. ఒక్క అక్షరము పోయిన నేమని వాదించు విద్యార్థులు దీనిని గమనింతురు గాక!

ఈ వంశపు యంత్రములకు మన తెలుగు అక్షరమే చిక్కు తెచ్చిన ఉదంతమొకటి కలదు. ఆపిల్ సంస్థవారి ఐఫోను, మాక్ యంత్రముల ఆపరేటింగ్ సిస్టములు యూనిక్స్ సంతతిలోనివే. 2018 ఫిబ్రవరిలో 'జ్ఞా' అను అక్షరము గల ఒకానొక సందేశము చేరగానే వానిలోని యాప్‌లు కుప్పకూలసాగెను. తెరపై సూచనగా కనబడినచో ఫోనే స్తంభించెను. కొంటెవారు దానిని పనిగట్టుకొని ఇతరులకు పంపిరి. జ్ఞానమను మాటలోని తొలి అక్షరమునకే యంత్రము జడియుట నవ్వదగిన విషయమే.

అయితే జరిగినదేమి? మనము ఒకే అక్షరముగా వ్రాయు 'జ్ఞా' యంత్రమునకు నాలుగు సంకేతములు: జ, పొల్లు, ఞ, దీర్ఘము. తమిళమున హల్లుపై పుళ్లి పెట్టి, తరువాతి అక్షరమును ప్రక్కనే వ్రాయుదురు. మనమో, రెండవ హల్లును వత్తుగా మార్చి కూర్తుము. కంప్యూటరులో ఈ కూర్పు ప్రోగ్రాము చేయవలసిన పని. వత్తు వలదనుకొన్నచోట కంటికి కనబడని గుర్తొకటి ఉంచుదురు. 'సాఫ్ట్‌వేర్' అను మాటలో టకారము క్రింద వకారపు వత్తు రాకుండుటకు అదియే కారణము. ఆ పొల్లుపోయిన సందేశమున అట్టి గుర్తు ఞకారమునకును దీర్ఘమునకును నడుమ చేరియుండెను. అక్కడ దానికి పనియే లేదు. ఆ ఐదు సంకేతముల వరుసను కూర్పు ప్రోగ్రాము సంబాళింపలేకపోయెను. గుర్తు లేని మామూలు 'జ్ఞా' వలన ఏ హానియు లేదు. బెంగాలీ, దేవనాగరి లిపులలోని కొన్ని వరుసలును ఇట్టి ఉపద్రవమునే తెచ్చెను.

ఈ వివరమెరుగనివారు తెలుగు అక్షరమే యంత్రమును చంపునదని ప్రచారము చేసిరి. చెన్నై నగరమున మన పిల్లలకు 'జిలేబీ లిపి' యను ఎగతాళి కొత్త కాదు. ఇంట తెలుగు మాట్లాడి, నలుగురిలో తెలుగు వ్రాయుటకు సంకోచించు బాలబాలికలకు ఇది మరియొక సాకు కాకుండ తల్లిదండ్రులు చూడవలెను. తప్పు లిపిది కాదు. ఫిబ్రవరి 19న ఆపిల్ వారు ఐఫోనునకు 11.2.6 సంచికను విడుదల చేసి తమ ప్రోగ్రామును దిద్దుకొనిరి. జ్ఞకారములో ఒక్క గీతయు మారలేదు.

ఆపిల్ వారి కూర్పు ప్రోగ్రామును బయటివారు దిద్దుటకు వీలు లేదు గనుక, అంతవరకు అందరును వేచియుండవలసి వచ్చెను. లినక్సులో అక్షరములను కూర్చు హార్ఫ్‌బజ్ అను ప్రోగ్రామును ఎవరైనను చదువవచ్చును, దిద్దుబాటు సూచింపవచ్చును. మన చెన్నైలోని సి-డాక్ సంస్థవారు 2007లో తొలిసారి వెలువరించిన బాస్ లినక్స్ తెలుగు మొదలగు భారతీయ భాషలలో పనిచేయుటకై రూపొందినది. అట్టివానిలో తెలుగు మాట తప్పుగా కనబడినచో, వత్తు ఎక్కడ నుండవలెనో తెలిసిన మనిషి చెప్పవలసినదే. అందుకు ఇంజనీరు కానక్కరలేదు. ఎనిమిదవ తరగతి విద్యార్థి చాలును.