హస్తవాసి ఒక్కటే చాలదు: ఎమర్జెన్సీలో ఏ మందు పనిచేస్తుందో ఎలా తేలుతుంది?

ఈ రోజు ఎపిసోడ్ నేను పెట్టని ఒక సంతకంతో మొదలుపెడతాను.

కొన్నేళ్ల క్రితం మా బాబాయికి బైక్ యాక్సిడెంట్ అయింది. రక్తం బాగా పోయింది. నేనూ పిన్నీ క్యాజువాలిటీ బయట నిలబడి ఉన్నాం. ఒక జూనియర్ డాక్టర్ కాగితం పట్టుకొచ్చి, "ఇక్కడ ఒక రీసెర్చ్ జరుగుతోంది, మీకు ఇష్టమైతే మీ పేషెంట్‌ని కూడా చేర్చుకుంటాం" అన్నారు. నాకు ఒళ్లు మండింది. "మనిషి ప్రాణం మీదికొస్తే ప్రయోగాలు చేస్తారా?" అని అరిచేశాను. ఆయన ఏమీ అనకుండా వెళ్లిపోయారు. మామూలు వైద్యం మాత్రం ఆగలేదు. బాబాయి బతికాడు.

ఆ రోజు నేను అడిగిన ప్రశ్నకు జవాబు వెతుక్కోవడానికి నాకు చాలా కాలం పట్టింది. అదే ఇవాళ మీతో పంచుకుంటున్నాను.

మనవాళ్లు "ఆ డాక్టర్ హస్తవాసి మంచిది" అంటారు కదా. తప్పేం లేదు, అనుభవం గొప్పదే. కానీ ఒక లెక్క చూడండి. తీవ్రంగా గాయపడిన వందమందిలో 16 మంది చనిపోతున్నారు అనుకుందాం. ఒక కొత్త మందు వల్ల అది 14 అయింది. ఆ తేడా ఏ డాక్టర్ కంటికైనా కనిపిస్తుందా? కనిపించదు. అది తేలాలంటే వేలమంది పేషెంట్లు కావాలి. ఒక్క ఆసుపత్రి వల్ల అయ్యే పని కాదు. అందుకే ఎన్నో దేశాల ఆసుపత్రులు కలిసి, ఒకే పద్ధతిలో, ఒకే ప్రశ్నకు జవాబు వెతుకుతాయి.

దీనికి మంచి ఉదాహరణ క్రాష్ ట్రయల్. లండన్ స్కూల్ ఆఫ్ హైజీన్ అండ్ ట్రాపికల్ మెడిసిన్ దీన్ని నడిపించింది. తలకు దెబ్బ తగిలితే మెదడు వాపు తగ్గుతుందని డాక్టర్లు దశాబ్దాలపాటు స్టెరాయిడ్ ఇచ్చేవారు. నమ్మకంతోనే ఇచ్చారు. 49 దేశాల్లో 239 ఆసుపత్రులు కలిసి చూస్తే ఏం తేలిందో తెలుసా? రెండు వారాల్లో మరణాలు స్టెరాయిడ్ తీసుకున్నవాళ్లలో 21.1 శాతం, తీసుకోనివాళ్లలో 17.9 శాతం. అంటే మందే ప్రాణాలు తీస్తోంది! 20,000 మందిని చేర్చుకోవాలనుకున్న ట్రయల్‌ని 10,008 మంది దగ్గరే ఆపేశారు. 2004లో ఫలితాలు వచ్చాయి.

తర్వాత అదే బృందం క్రాష్-2 మొదలుపెట్టింది. ఈసారి ట్రానెక్సామిక్ యాసిడ్. గడ్డకట్టిన రక్తం కరిగిపోకుండా ఆపే పాత, చవక మందు. 40 దేశాలు, 274 ఆసుపత్రులు, 20,211 మంది. అందులో మన దేశం నుంచే నాలుగు వేల మందికి పైగా ఉన్నారు. మరణాలు 16 శాతం నుంచి 14.5 శాతానికి తగ్గాయని 2010లో తేలింది. మరుసటి ఏడాది ఇంకో సంగతి బయటపడింది. దెబ్బ తగిలిన మూడు గంటల్లోపు ఇస్తేనే మేలు, ఎంత త్వరగా ఇస్తే అంత మంచిది. మూడు గంటలు దాటాక ఇస్తే రక్తస్రావంతో చనిపోయే ముప్పు పెరగొచ్చు కూడా. ఇది ఏ హస్తవాసి చెప్పగలదు?

మరి, "మావాడికి ఉత్త సెలైన్ పడితే అన్యాయం కాదా?" అని మీరు అడగొచ్చు. నేనూ అదే అనుకున్నాను. కానీ ఈ ట్రయల్‌లో ఆ మందు ఇవ్వాలా వద్దా అని డాక్టర్‌కే నిజంగా సందేహం ఉన్నవాళ్లనే చేర్చుకున్నారు. రక్తం ఎక్కించడం, ఆపరేషన్ లాంటి మామూలు వైద్యం అందరికీ ఒకటే. పైగా స్టెరాయిడ్ కథ గుర్తుంది కదా, అక్కడ మందు పడనివాళ్లే అదృష్టవంతులు.

రేపు మీ చేతికి అలాంటి కాగితం వస్తే కళ్లు మూసుకుని సంతకం పెట్టమని నేను చెప్పను. నాలాగా అరవకండి, అడగండి. దేన్ని దేంతో పోల్చి చూస్తున్నారు? మామూలు వైద్యం ఎలాగూ అందుతుందా? ఎథిక్స్ కమిటీ అనుమతి ఉందా? మధ్యలో వద్దంటే మానేయొచ్చా? విన్నాక వద్దనిపిస్తే వద్దనండి, అది మీ హక్కు.

ఇంకో మాట. ఇది వీడియో చూసి మెడికల్ షాపులో కొనుక్కునే మందు కాదు. రోడ్డు మీద ఎవరికైనా రక్తం పోతుంటే మీరు చేయాల్సింది వేరే ఉంది. ఫోన్‌లో వీడియో తీయడం కాదు, 108కి కాల్ చేయండి, శుభ్రమైన గుడ్డతో గాయాన్ని గట్టిగా అదిమి పట్టుకోండి. గడియారం అప్పటికే తిరుగుతోంది.

చివరగా, మొన్నీమధ్య బాబాయి పాత డిశ్చార్జ్ సమ్మరీ తీసి చూశాను. ఆ రాత్రి ఇచ్చిన ఇంజెక్షన్లలో ట్రానెక్సామిక్ యాసిడ్ పేరుంది. ఏదో దేశంలో, ఏదో ఊళ్లో, నాలాగే క్యాజువాలిటీ బయట నిలబడి వణుకుతున్న ఎవరో సంతకం పెట్టబట్టే ఆ మందు మీద ఆ నమ్మకం వచ్చింది. వాళ్లెవరో నాకు తెలీదు. వాళ్లకు థాంక్స్ చెప్పడానికే ఈ ఎపిసోడ్.

మళ్లీ కలుద్దాం. జాగ్రత్తగా బండి నడపండి, హెల్మెట్ మర్చిపోకండి.