ఉద్యోగమా? వెండితెరా?

"అన్నా, బెంగుళూరు కంపెనీలో ఉద్యోగమొచ్చింది. నాకేమో సినిమాల మీదే మనసు. ఏం చేయమంటావు?"

సినిమాల గురించి రాసేవాణ్ణని తెలిస్తే చాలు, మా మడకశిర కుర్రాళ్లు నన్ను అడిగే మొదటి ప్రశ్న ఇదే!

నవ్వి ఊరుకునే ప్రశ్న కాదిది. దేశంలోనే వాన తక్కువ పడే ప్రాంతాల్లో మాదొకటి. వేరుశనగ విత్తిన రైతు మబ్బుల వంక చూస్తూ కూర్చోవాల్సిందే. అలాంటి ఇంటికి బెంగుళూరు నుంచో, 2019లో పెనుకొండ దగ్గర తెరిచిన కియా కార్ల ఫ్యాక్టరీ నుంచో నెల నెలా జీతమొస్తుంటే, అది తప్పకుండా కురిసే వాన! దాన్ని వద్దంటే కన్నవాళ్ల గుండె గుభేలుమనదూ?

అప్పుడు మనవాడు బయటికి తీసే అస్త్రం ఎన్.టి.రామారావు! మా పక్క హిందూపురం నుంచే 1985లో శాసనసభకు నెగ్గారాయన. ఆయన కథ ఇక్కడ అందరికీ కంఠతా. 1947లో గుంటూరు జిల్లా ప్రత్తిపాడులో సబ్ రిజిస్ట్రారు ఉద్యోగం. ఆ రోజుల్లో ఎంత హోదా! మూడు వారాల్లోనే రాజీనామా!

కానీ అందరూ దాటేసే ముక్క ఒకటుంది. ఆయన ఉత్త చేతులతో మద్రాసు వెళ్లలేదు. కాలేజీ నాటి నుంచే నాటకాలాడారు. బి.ఎ.సుబ్బారావు 'పల్లెటూరి పిల్ల'కు కథానాయకుడిగా తీసుకున్నారు. అయినా ముందు విడుదలైంది 1949లో 'మనదేశం'. అందులో చిన్న పోలీసు వేషం! రాజీనామాకూ దానికీ మధ్య రెండేళ్లు. తర్వాత విజయావారు నెలజీతం మీద పెట్టుకుని 'షావుకారు', 'పాతాళభైరవి' తీశారు. చూశారా తమాషా? జీతం వదిలిన మనిషి మళ్లీ జీతానికే కుదిరారు!

ఈ కాలం సంగతంటారా? శేఖర్ కమ్ముల ఇంజనీరింగు చదివి, అమెరికాలో కంప్యూటరు ఉద్యోగం చేశారు. ఆపైన హోవర్డ్ యూనివర్సిటీలో సినిమా చదువు చదివి, 2000లో 'డాలర్ డ్రీమ్స్' తీశారు. తొలి చిత్ర దర్శకుడికిచ్చే జాతీయ అవార్డు వచ్చింది. అయినా ఇంటింటా పేరు మోగింది 2004లో, 'ఆనంద్'తో. మధ్య నాలుగేళ్లు!

అందుకే తమ్ముళ్లకు నేను చెప్పేది ఒకటే. రాజీనామా రాసేముందు రెండు ప్రశ్నలు వేసుకోండి. నా చేతిలో ఏ పనితనముంది? అవకాశం రాకుంటే ఇంటికి భారం కాకుండా ఎన్నాళ్లు ఆగగలను? రెండింటికీ జవాబుంటే బయల్దేరండి, మీ అమ్మానాన్నలకు నేనే నచ్చజెబుతాను! లేదంటారా, ముందు ఉద్యోగంలో చేరండి. ఆదివారాలు నాటకమాడండి, ఫోనుతోనే చిన్న సినిమా తీయండి. నాలుగు రాళ్లు దాచుకుని, అప్పుడు మళ్లీ నన్ను అడగండి.