కోక్ కొనుక్కుంది, మనవాళ్లు వదల్లేదు

రాజాంలో పోలిపల్లి పైడితల్లి జాతరకు చుట్టాలు దిగితే, మంచినీళ్లిచ్చాక పిల్లాణ్ని కొట్టుకు తరిమేది కూల్‌డ్రింకు కోసమే. ఏ డ్రింకని వాడూ అడగడు, కొట్టాయనా అడగడు. భోజనమయ్యాక కడుపు బరువెక్కిన పెద్దాయన “ఓ థమ్సప్ ఇయ్యి బాబూ, తేన్పొస్తాది” అంటాడు. డాక్టర్లు ఒప్పుకోకపోవచ్చు. ఆయనకు తేన్పే సాక్ష్యం.

ఒక నల్లటి డ్రింకుకు ఇంత చనువెలా వచ్చింది?

ముందు ఖాళీ దొరికింది. విదేశీ కంపెనీలు ఇక్కడి వాటాను 40 శాతానికి తగ్గించుకోవాలన్న చట్టం 1973 నాటిది. 1977లో జనతా ప్రభుత్వం, ముఖ్యంగా మంత్రి జార్జి ఫెర్నాండెజ్, దాని మీద పట్టుబట్టి, ఫార్ములా కూడా ఇవ్వమనేసరికి ఆ గుట్టు చెప్పడం ఇష్టంలేని కోకాకోలా మూటా ముల్లే సర్దుకుంది. సర్కారు మోడరన్ ఫుడ్స్ చేత ‘డబుల్ సెవెన్’ అనే కోలా చేయించింది. గెలిచిన ఎన్నికల సంవత్సరాన్ని సీసా మీద అంటిస్తే జనం తాగేస్తారనుకోవడం సర్కారీ తెలివి! అదే ఏడాది పార్లే వాళ్లు, చౌహాన్ సోదరులు, థమ్సప్ తెచ్చారు. ఘాటెక్కువ, గ్యాసెక్కువ. మన కారానికి అది సరిగ్గా అతికింది.

1993లో తిరిగొచ్చిన కోక్, పార్లే నుంచి థమ్సప్‌ను, లిమ్కా, గోల్డ్‌స్పాట్, మాజాలతో కలిపి కొనేసింది. తన ఎర్ర సీసాకు చోటివ్వాలని థమ్సప్‌ను కొన్నాళ్లు పక్కన పెట్టింది కూడా. తీరా చూస్తే లాభపడేది పెప్సీ. మళ్లీ థమ్సప్‌నే ముందుకు తోయక తప్పలేదు. పెరూలోనూ ఇదే కథ: 1935లో పుట్టిన పసుపురంగు ‘ఇంకా కోలా’ను ఓడించలేక 1999లో కోక్ అందులో వాటా కొనుక్కుంది. పెరూ జనం దాన్ని ఇప్పటికీ తమదనే అనుకుంటారు.

మన దగ్గర సినిమా కలిసింది. అన్న చిరంజీవి చేతిలో థమ్సప్, తమ్ముడు పవన్ కల్యాణ్ చేతిలో పెప్సీ. ఫ్యాన్సు ఏం తాగాలో ఇంట్లోనే తగువు! తర్వాత మహేష్‌బాబు వచ్చాడు. 2021 నాటికి థమ్సప్ ఏటా వందకోట్ల డాలర్ల అమ్మకాల బ్రాండయింది.

మరి మన సొంత ఆర్టోస్? 1919 నాటి రామచంద్రపురం డ్రింకు అది. గోదావరి వాళ్లకు అదంటే ప్రాణం. కానీ గాజు సీసా వ్యాపారంలో ఖాళీ సీసా మళ్లీ ఫ్యాక్టరీకి చేరాలి; లారీ ఎంత దూరం తిరగగలిగితే డ్రింకు అంత దూరమే. రుచిలో లోటు లేదు. దూరం తీసుకెళ్లే పెట్టుబడి లేదు, పక్కన నిలబడే హీరో లేడు, అంతే.

రిలయన్స్ పాత కాంపా కోలాను 2023లో మళ్లీ దింపింది, సీసా పది రూపాయలకే. ధర ఒక్కటే చాలదని వాళ్లకూ తెలిసినట్టుంది. 2025లో ప్రచారానికి రామ్‌చరణ్‌ను తెచ్చుకున్నారు; ఒకప్పుడు థమ్సప్ పట్టుకున్న చిరంజీవి కొడుకునే.