కొత్త కార్డు వచ్చింది... మరి అమ్మ మాట?

గోరంత వస్తువు. ఖరీదు ఏడొందల రూపాయలు. దాని కోసం రెండు నెలలు కొట్టు చుట్టూ, కొరియర్ ఆఫీసు చుట్టూ తిరిగానంటే మీరు నవ్వుతారేమో! మా వారూ నవ్వారు. "పోనిద్దూ, ఇంకోటి కొనుక్కో" అన్నారు. కానీ అందులో ఏముందో తెలిస్తే మీరు మాత్రం నవ్వరు.

మా పుట్టిల్లు ఆత్రేయపురం. మా ఊరి పూతరేకులకి 2023లో భౌగోళిక గుర్తింపు వచ్చిందని పేపర్లో చదివి వినిపిస్తే, "మనకి తెలిసిందే వాళ్లకి ఇప్పుడు తెలిసిందా?" అంది మా అమ్మ. కిందటేడు సంక్రాంతికి వెళ్లినప్పుడు అమ్మ కుండ ముందు కూర్చుని రేకులు తీస్తుంటే ఫోనులో వీడియో తీశాను. బోర్లించిన కుండ, కింద కొబ్బరాకు మంట, పల్చటి బియ్యప్పిండి నీళ్లలో ముంచిన గుడ్డ ఒక్క లాగు లాగితే పొరలా లేచే రేకు... అన్నీ చెబుతూ చేసింది. శ్రావణమాసంలో అమ్మ వెళ్లిపోయింది. దసరాలకి ఆ వీడియో చూద్దామని ఫోను తీస్తే, "కార్డు పాడైంది, ఫార్మాట్ చేయండి" అని వచ్చింది!

వేలు నొక్కబోయాను. మా అమ్మాయి "అమ్మా, ఆగు!" అని అరిచి ఫోను లాక్కుంది. అదే నన్ను కాపాడింది. ఫార్మాట్ అంటే పలక మీద రాసింది తుడిచెయ్యడం లాంటిది. మీ ఫోను ఆ మాట అడిగితే వెంటనే ఒప్పుకోకండి. ఫోను ఆపి, కార్డు బయటికి తీసి, ఆ తర్వాత దానిమీద కొత్త ఫొటో ఒక్కటి కూడా ఎక్కించకండి. పాతవాటి మీద కొత్తవి పడితే ఇక బాగుచేసేవాడు కూడా ఏమీ చెయ్యలేడు.

తెల్లబోయిన బిల్లు

మాది కొవ్వూరు. వంతెన దాటి రాజమండ్రిలో కొన్న కొట్టుకే వెళ్లాను. "మేడంగారూ, కార్డులకి గ్యారంటీ ఉండదండి, ఆయ్" అన్నాడు కొట్టతను. ప్యాకెట్ అట్ట వెనక ఐదేళ్ల వారంటీ అని ఉందని చూపించాను. "బిల్లుందాండి?" అన్నాడు. ఉంది! బిల్లులన్నీ వంటింట్లో, పొయ్యి పక్క సొరుగులో దాస్తాను. తీసి చూస్తే తెల్లకాగితం. ఒక్క అక్షరం లేదు. ఈ నున్నటి కాగితం బిల్లులు వేడికే అచ్చవుతాయట, ఆ వేడికే మాసిపోతాయట. నేనేమో పొయ్యి పక్కనే పెట్టాను!

అదృష్టం కొద్దీ డబ్బు ఫోను ద్వారా కట్టాను. అందులో తేదీ దొరికింది. ఆ తేదీ చెబితే కొట్టతను కంప్యూటర్లోంచి మళ్లీ బిల్లు తీసిచ్చాడు. అంటే ఆయన చెడ్డవాడు కాదు, అడిగినవాళ్లకే ఇచ్చే రకం. మీరు మాత్రం బిల్లు తెచ్చిన రోజే ఫొటో తీసుకోండి. అట్టపెట్టె, కార్డు రెండు వైపులా, దాని మీది సీరియల్ నంబరు కూడా. ఆ ఫొటోలు అదే కార్డులో దాచుకోకండి సుమా!

కార్డా? అమ్మా?

కంపెనీ వాళ్లకి రాస్తే బిల్లు, కార్డు ఫొటోలు పంపమన్నారు. పంపాను. "పాత కార్డు కొరియర్లో పంపండి, కొత్తది ఇస్తాం. పాతది తిరిగి ఇవ్వం. అందులోని ఫొటోలకి మా బాధ్యత లేదు" అని జవాబు వచ్చింది. అప్పుడు కళ్లు తెరుచుకున్నాయి. వారంటీ అన్నది వస్తువుకే గానీ అందులో దాచుకున్నదానికి కాదు. బీరువా పాడైతే బీరువా ఇస్తారు, లోపలి పట్టుచీర ఇవ్వరు కదా!

అందుకని కార్డు పంపడం ఆపి, మా అమ్మాయి స్నేహితురాలి అన్నయ్య, కంప్యూటర్లు బాగుచేసే కుర్రాడి దగ్గరికి తీసుకెళ్లాం. "కార్డు విప్పితే వారంటీ పోతుందండి, విప్పకుండా చూస్తాను" అని ముందే చెప్పాడు. ఫొటోరెక్ అనే ఉచిత ప్రోగ్రాం పెట్టి రెండు గంటలు కూర్చున్నాడు. కార్డుని ఫోను సొంత మెమరీలా కలిపేసుకుని ఉంటే ఇది కూడా కుదిరేది కాదట. ఎందుకంటే అప్పుడు ఆ ఫోను తప్ప ఇంకేదీ దాన్ని చదవలేదట.

పదకొండు నిమిషాల వీడియోలో ఆరు నిమిషాలు దొరికాయి. అమ్మ గొంతు... "చెయ్యి ఆపకమ్మా, ఆపితే రేకు చిరుగుతుంది." నేను అక్కడే కుర్చీలో కూలబడి ఏడ్చేశాను. ఆ కుర్రాడు మంచినీళ్లు తెచ్చిచ్చి, మాట్లాడకుండా బయటికెళ్లి నిలబడ్డాడు.

1915 గుర్తుంచుకోండి

ఆ తర్వాతే కార్డు కొరియర్ చేశాను. రసీదు దాచాను. మూడు వారాలైనా ఉలుకూ పలుకూ లేదు. అప్పుడు జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కి ఫోను చేశాను. తెలుగులోనే మాట్లాడాను. బిల్లు తేదీ, కొరియర్ రసీదు నంబరు చెప్పాను. ఒక ఫిర్యాదు నంబరు ఇచ్చారు. పదిరోజుల్లో కొత్త కార్డు ఇంటికొచ్చింది.

అయితే ఒక్కటి తెలుసుకోండి. హెల్ప్‌లైన్ తీర్పు చెప్పే కోర్టు కాదు. మన ఫిర్యాదు కంపెనీకి చేర్చి రాజీ కుదర్చడానికి చూస్తుంది. కుదరకపోతే జిల్లా వినియోగదారుల కమిషన్ ఉంది. 1986 నాటి చట్టం స్థానంలో వచ్చిన 2019 చట్టం 2020 జులై 20 నుంచి అమల్లోకి వచ్చింది. దాని ప్రకారం మనకి పనికొచ్చేవి ఇవీ:

• కంపెనీ ఎక్కడున్నా మనం కాపురముండే జిల్లాలోనే ఫిర్యాదు చేసుకోవచ్చు.

• సరుకుకి చెల్లించిన డబ్బు ఐదు లక్షలు దాటకపోతే రుసుము లేదు. లాయరు పెట్టుకోవాలన్న నిబంధన కూడా లేదు.

• గొడవ మొదలైన రెండేళ్లలోగా వెళ్లాలి. ఆలస్యం చెయ్యకండి.

• సరుకు అమ్మి బిల్లు ఇవ్వకపోవడమే ఒక తప్పు. పాడైన సరుకుని బిల్లు మీది గడువులోగా, గడువు రాయకపోతే ముప్ఫై రోజుల్లోగా వెనక్కి తీసుకోననడం ఇంకో తప్పు.

కొనేముందు

చవకగా వస్తోందని సంతలో, తోపుడుబండి మీద కార్డులు కొనకండి. తక్కువ సామర్థ్యం ఉన్న కార్డుకి ఎక్కువ అంకె చూపించి అమ్మే మోసం ఉంది. కొద్దిరోజులు బాగానే ఉంటుంది. నిండాక మాత్రం కుంచం బియ్యం మానికలో పోసినట్టు, దాచుకున్నవి పాడైపోతాయి. అలాగని ప్రతిదీ మోసం అనుకోకండి. 64 జీబీ కార్డు పెడితే కొన్ని ఫోన్లలో 59 అని కనబడుతుంది. కంపెనీ వెయ్యి లెక్కన కొలిస్తే ఆ ఫోను 1024 లెక్కన కొలుస్తుంది, అంతే.

ఇంటి ముందు కెమెరాలో రాత్రింబవళ్లు రికార్డు చెయ్యడానికి మామూలు కార్డు వాడితే వారంటీ వర్తించదని కొన్ని కంపెనీలు నిబంధన పెడతాయి. అట్ట మీది చిన్న అక్షరాలు కళ్లజోడు పెట్టుకుని చదవండి.

అన్నిటికన్నా ముఖ్యం, అపురూపమైనవి ఒక్కచోట దాచకండి. మనం ఆవకాయ ఒకే జాడీలో పెడతామా? పెద్ద జాడీ ఒకటి, చిన్న జాడీ ఒకటి! ఫొటోలూ అంతే. ఒకటి ఇంట్లో, ఒకటి కూతురింట్లోనో తమ్ముడింట్లోనో.

నేను ఆ ఆరు నిమిషాలూ ఇప్పుడు మూడుచోట్ల దాచాను. కొత్త కార్డు మాత్రం ఇంకా ఖాళీగానే ఉంది. పోయిన ఐదు నిమిషాల్లో అమ్మ నెయ్యి రాసి, బెల్లం పొడి చల్లి, రేకు మడత పెట్టడం ఉంది. మొన్న సంక్రాంతికి మా అమ్మాయి పక్కన కూర్చుని "మడత ఎలాగమ్మా?" అంది. వీడియో కోసం వెతుక్కోలేదు. నా చేతులు వాటంతటవే మడిచాయి. "ఆగు, ఇది మళ్లీ చెయ్యి" అని అది ఫోను తీసింది.

ఈసారి పుట్టింటికి వెళ్లినప్పుడు మీరూ అమ్మ చేతులని వీడియో తియ్యండి. ఆ రాత్రే ఇంకోచోట దాచెయ్యండి.