ఐసులో తిరిగిన చల్లకవ్వం

బంగినపల్లి గుజ్జు, గుడ్డలో మూటగట్టి నీరు దించిన గడ్డ పెరుగు, తగినంత పంచదార. మూడూ కలిపి, స్టీలు డబ్బాలో పోసి, రాత్రి ఫ్రీజర్లో పెట్టి పడుకుంటారు. తెల్లారి చూస్తే చెంచా దిగదు. డబ్బాను కుళాయి కింద పట్టి, చాకుతో పొడిచి, ఎలాగో ఓ ముక్క ఊడదీసి నోట్లో వేసుకుంటే ముందు తగిలేది మామిడి రుచి కాదు, పళ్ల కింద కరకరమనే ఐసు. వేసవి సెలవుల్లో ఈ పరాభవం ఎరగని ఇల్లు అరుదే. తప్పు పెరుగుదీ కాదు, పండుదీ కాదు. చల్లదనానికి కొదవా లేదు, ఫ్రీజర్ లోపల మైనస్ 18 డిగ్రీలు ఉంటుంది. లేనిదల్లా తిప్పే చెయ్యి.

ఆ చేతి పనికి ఓ యంత్రాన్ని అమర్చిన మనిషి నాన్సీ జాన్సన్. అమెరికాలోని ఫిలడెల్ఫియాలో ఉండేది. భర్త వాల్టర్ జాన్సన్ రసాయన శాస్త్రం తెలిసిన ఆచార్యుడు. 1843 సెప్టెంబరు 9న ఆమె పేరు మీదే 3254వ నంబరు పేటెంటు వచ్చింది. యంత్రం చూడబోతే ఏమీ లేదు. ఓ చెక్క తొట్టి, దాని నడుమ నిలువుపాటి రేకు డబ్బా, డబ్బాలో చిల్లులు పొడిచిన వెడల్పాటి బద్దల తెడ్డు, ఆ తెడ్డును తిప్పడానికి మూత పైన ఒక పిడి. తొట్టికీ డబ్బాకీ మధ్య సందులో ఐసు ముక్కలు, రాళ్ల ఉప్పు. అంతే.

ఉప్పూ ఐసూ కలిపితే చలి పెరుగుతుందన్నది ఆమె కనిపెట్టింది కాదు. 13వ శతాబ్దపు అరబ్బు వైద్యుడు ఇబ్న్ అబీ ఉసైబియా రాతల్లోనే లవణాలతో నీటిని చల్లబరిచే పద్ధతి ఉంది. అక్బరు కొలువులో సురేకారం కలిపిన నీటిలో కూజా తిప్పి తాగే నీళ్లు చల్లబరిచేవారని అబుల్ ఫజల్ 'ఐనె అక్బరీ'లో రాశాడు. ఐరోపా వంటశాలల్లోనూ ఐస్‌క్రీం అప్పటికే ఉంది. కాకపోతే చేసేవాడి రెక్కలు ఊడిపోయేవి. మూత ఉన్న లోహపు పాత్రను ఐసు బాల్చీలో నిలబెట్టి, చేత్తో అటూ ఇటూ తిప్పుతూ, కొద్దిసేపటికోసారి మూత తీసి, గోడకు పట్టిన గడ్డను గరిటెతో గీకి, మళ్లీ మూసి తిప్పాలి. మూత తీసిన ప్రతిసారీ ఉప్పునీళ్లు లోపలికి చింది పడే భయం ఒకటి. ఎంత పాలు, ఎంత పంచదార, ఎంత ఓపిక పోసినా ఒక్క ఉప్పునీటి చుక్కతో అంతా బూడిదలో పోసిన పన్నీరే.

మూత తీయకుండా గీకడం, గీకుతూనే కలపడం. జాన్సన్ చేసినది ఇదే. అది ఎంత పెద్ద పనో తెలియాలంటే డబ్బా లోపలికి చూడాలి.

ఐసు సున్నా డిగ్రీల దగ్గర కరుగుతుంది. దానికి ఉప్పు తగిలితే అంతకంటే తక్కువ వేడిలోనే కరగడం మొదలవుతుంది. ఒక గ్రాము ఐసు నీరు కావాలంటే 334 జౌళ్ల వేడి కావాలి. ఆ వేడిని పక్కనున్న దాని నుంచే లాక్కుంటుంది. పక్కనున్నది రేకు డబ్బా, దాని లోపల పాలు. సుమారు మూడు పాళ్ల ఐసుకు ఒక పాలు ఉప్పు పడితే ఆ మిశ్రమం మైనస్ 21 డిగ్రీల దాకా దిగగలదు. అంటే తొట్టిలో ఐసు కరిగి నీరవుతున్నకొద్దీ డబ్బాలో పాలు గడ్డకడుతుంటాయి. చిన్నపిల్లలకు ఇది గారడీలా ఉంటుంది. పెద్దలకూ అంతే, ఒప్పుకోరు గానీ.

ఇక డబ్బా లోపల. ముందు గడ్డకట్టేది గోడను ఆనుకున్న పలుచని పొర. వదిలేస్తే ఆ పొర సూదుల్లా లోపలికి పెరుగుతుంది. నీరు గడ్డకడుతూ పంచదారను, కొవ్వును, పండు రసాన్ని పక్కకు నెట్టేసి తను మాత్రమే పలుకుగా మారుతుంది. ఫ్రీజర్ డబ్బాలో రాత్రంతా జరిగింది ఇదే. తెడ్డు తిరుగుతుంటే ఆ పొర ఏర్పడిన క్షణంలోనే గీకి నడిమధ్యకు పోతుంది. ముక్కలైన పలుకు ఒక్కొక్కటీ కొత్త పలుకుకు విత్తనం. ఉన్న నీటిని వేల వేల విత్తనాలు పంచుకుంటే ఏ ఒక్కటీ పెద్దదవదు. పలుకు సుమారు 50 మైక్రాన్లు దాటితే నాలుకకు గరుకు తెలిసిపోతుంది. మనిషి వెంట్రుక మందం కంటే తక్కువే అది. నున్నదనం అని మనం మెచ్చుకునేది నిజానికి నాలుకకు దొరకనంత చిన్న ఐసు. తిప్పుతున్నప్పుడు చొరబడిన గాలి ఆ ముద్దను మరింత తేలిక చేస్తుంది.

మన ఇళ్లలో కవ్వం తెలిసినవాళ్లకు ఇది కొత్త సంగతిలా అనిపించదు. కవ్వం చల్లను చిలికి కొవ్వును ఒకచోట చేరుస్తుంది, తెడ్డు ఐసును చేరనివ్వకుండా చెదరగొడుతుంది. దారి ఒకటే, ఊళ్లు వేరు. అందుకే మీగడ ఎక్కువైన పాలను బాగా చల్లబరచకుండా డబ్బాలో పోసి తిప్పితే తెడ్డు కవ్వమైపోతుంది, ఐస్‌క్రీంలో వెన్న పూసలు తేలతాయి.

యంత్రం సరే, ఐసు ఎక్కడిది? 1833లో బోస్టన్ వ్యాపారి ఫ్రెడరిక్ ట్యూడర్ చెరువుల్లో కోసిన ఐసును నాలుగు నెలల ఓడ ప్రయాణంలో కలకత్తా చేర్చాడు. కోస్తా, రాయలసీమ జిల్లాల తెలుగువాళ్లకు రాజధానిగా ఉన్న మద్రాసులో 1842లో ఆయన సరుకు కోసమే సముద్రపు ఒడ్డున ఐస్ హౌస్ లేచింది. తరవాత వివేకానందుడు బస చేసిన భవనం అదే. సామాన్యుడికి మాత్రం ఐసు అందుబాటులోకి వచ్చింది ఐసు ఫ్యాక్టరీలు పెట్టాకే.

జాన్సన్ తరవాత మార్పులు చకచకా వచ్చాయి. 1848లో బాల్టిమోరుకు చెందిన విలియం యంగ్ మెరుగుపరిచిన నమూనాకు పేటెంటు తీసుకున్నాడు. లండన్లో వంటపాఠాల బడి నడిపిన ఆగ్నెస్ మార్షల్ 1885లో వ్యవహారాన్ని తిరగేసింది. ఆమె యంత్రంలో తెడ్డు కదలదు, వెడల్పాటి లోతులేని పళ్లెమే తిరుగుతుంది, ఐసు ఉండేది అడుగున మాత్రమే. పొర పలుచనైతే గడ్డ త్వరగా కడుతుందన్న లెక్క ఆమెది. 1920లలో క్లారెన్స్ వోగ్ట్ ఆగకుండా పనిచేసే యంత్రం తెచ్చాడు. ఒక చివర పాలు పోస్తుంటే మరో చివర ఐస్‌క్రీం వస్తుంటుంది. కరెంటు మోటారు వచ్చింది, చెయ్యి పోయింది. గోడను గీకే బద్ద మాత్రం నేటికీ పోలేదు.

చెయ్యి కూడా అన్నిచోట్లా పోలేదు. హైదరాబాద్ మొజంజాహీ మార్కెట్ రాతి మండపాల కింద చేత్తో తిప్పిన పండ్ల ఐస్‌క్రీముకు దశాబ్దాలుగా పేరుంది. వేసవిలో మామిడి, కాలం వచ్చినప్పుడు సీతాఫలం. సీతాఫలం గుజ్జును కాస్తే చేదెక్కుతుంది, అందుకని చల్లారిన పాలలోనే కలపాలి. ఇలాంటి యంత్రం ముందు కాసేపు నిలబడితే రెండు విషయాలు కనిపిస్తాయి. తొట్టి పక్కన, డబ్బా మూత కంటే కాస్త దిగువన ఓ చిల్లు ఉంటుంది. ఉప్పునీళ్లు అంతకు మించి పెరగకుండా బయటికి పోయే దారి అది. ఐసు ముక్క దానికి అడ్డుపడిందంటే పని ఉప్పుపాలే. రెండోది పిడి. మొదట గిరగిరా తిరుగుతుంది, పోనుపోను బరువెక్కుతుంది. ఇక ఒక చెయ్యి చాలదనిపించినప్పుడు లోపల అయిపోయినట్టే. ఆ కొలతకు థర్మామీటరు అక్కర్లేదు.

పెరుగును ఐస్‌క్రీం యంత్రంలోకి వ్యాపారంగా దింపింది 1970లలో, అమెరికాలో. హుడ్ అనే పాల సంస్థ 'ఫ్రోగర్ట్' పేరుతో అమ్మింది. పెరుగుతో చిక్కేమిటంటే, కొవ్వు తక్కువ, నీరు ఎక్కువ. ఐస్‌క్రీంలో కొవ్వు దాచిపెట్టే గరుకును పెరుగు దాచలేదు. మూటగట్టి నీరు దించడం అందుకే. పంచదార తగ్గించి ఆరోగ్యం అనుకుంటే అది రాయి అవుతుంది. నీటిని పూర్తిగా గడ్డకట్టనివ్వకుండా పట్టి ఉంచేది ఆ పంచదారే.

యంత్రం లేని ఇంట్లో మిక్సీ ఉంది. స్విట్జర్లాండ్ వాళ్ల పాకోజెట్ అనే హోటలు యంత్రం ముందు రాయిలా గడ్డకట్టించి, తరవాత పలుచగా చెక్కుతుంది. ఇంటి మిక్సీదీ ఇంచుమించు ఆ దారే. మామిడి ముక్కల్ని విడివిడిగా పళ్లెంలో పరిచి గడ్డకట్టించి, చల్లని గడ్డ పెరుగు, కాస్త తేనె వేసి ఆపి ఆపి తిప్పితే, మొదట గులకరాళ్ల మోత, తరవాత గొంతు తగ్గిన గుసగుస, చివర మడతలు పడే ముద్ద. వెంటనే తినేయాలి. దాస్తే చిన్న పలుకులు కరిగి పెద్దవాటికి అతుక్కుంటాయి, రేపటికి మళ్లీ ఇటుకే.

మిగిలితే గ్లాసుల్లో పోసి పుల్ల గుచ్చడం నయం. పుల్లైసు నుంచి ఎవరూ నున్నదనం ఆశించరు. అమెరికాలో దాని పుట్టుక గురించి ఫ్రాంక్ ఎపర్సన్ చెప్పుకున్న కథ ఒకటుంది. 1905లో, పదకొండేళ్ల వయసులో, తియ్యటి పొడి నీళ్లలో వేసి పుల్లతో కలుపుతూ, మధ్యలో మరిచిపోయి గ్లాసును రాత్రంతా వరండాలో వదిలేశాడట. చలికి గడ్డకట్టింది. 1924లో దానికి పేటెంటు తీసుకున్నాడు. కలపడం ఆపేసిన పుల్ల అలాగే ఉండిపోయి చేతికి పిడి అయింది.