కూలర్‌లో ఐసు వేస్తే బిల్లు కరుగుతుందా?

మహారాష్ట్రలోని భోకర్‌లో మే నెల ఎండ 42 డిగ్రీలు దాటడం కొత్తేం కాదు. మధ్యాహ్నమంతా కూలర్ తిప్పుకుని, ఓ మూల కంప్యూటర్ ముందు కూర్చునే ఇళ్లలో బిల్లు వచ్చాక గానీ కరెంటు గుర్తుకు రాదు. బిల్లు తగ్గించుకునే చిట్కాలు మాత్రం వీధికొకటి వినిపిస్తాయి. వాటిలో నిజమెంత?

అపోహ: తలుపులన్నీ బిగిస్తేనే కూలర్ చల్లగా వీస్తుంది.
వాస్తవం: అది ఏసీకి చెల్లే మాట. కూలర్‌లో నీళ్లు ఆవిరవుతూ గాలిని చల్లబరుస్తాయి. గది మూస్తే తేమ లోపలే నిలిచి ఒళ్లు జిగటగా అవుతుంది. కూలర్‌ను కిటికీ బయట పెట్టి, ఎదురు కిటికీ తెరవండి. వానలు పడి గాలిలో తేమ పెరిగాక కూలర్‌తో పెద్దగా లాభం ఉండదు.

అపోహ: ఐసు ముక్కలు వేస్తే రెట్టింపు చల్లదనం.
వాస్తవం: కిలో ఐసు కరిగితే దాదాపు 334 కిలోజౌళ్ల వేడిని పీల్చుకుంటుంది. కిలో నీళ్లు ఆవిరైతే పీల్చుకునేది సుమారు 2,400. పైగా ఆ ఐసును తయారుచేయడానికి ఫ్రిజ్ కరెంటు కాల్చి, వేడిని ఇంట్లోకే వదులుతుంది. దానికన్నా కూలర్ గడ్డికి పట్టిన తెల్లటి ఉప్పు పొర కడగడం మేలు.

అపోహ: ఏసీని 18లో పెడితే గది త్వరగా చల్లబడుతుంది.
వాస్తవం: మామూలు ఏసీలో కంప్రెసర్ వేగం 18లోనూ 24లోనూ ఒకటే, 18లో ఎక్కువసేపు ఆడుతుంది, అంతే. ఒక్క డిగ్రీ పెంచితే దాదాపు 6 శాతం కరెంటు మిగులుతుందని కేంద్ర ఇంధన సామర్థ్య సంస్థ బీఈఈ చెబుతోంది.

అపోహ: స్క్రీన్‌సేవర్ కరెంటును ఆదా చేస్తుంది.
వాస్తవం: పాత పిక్చర్‌ట్యూబ్ తెరల మీద మచ్చ పడకుండా పుట్టిన ఏర్పాటది. బొమ్మ కదులుతున్నంతసేపూ తెర వెలుగుతూనే ఉంటుంది. 150 వాట్ల డెస్క్‌టాప్ రోజుకు 8 గంటలు నడిస్తే నెలకు 36 యూనిట్లు. 50 వాట్ల ల్యాప్‌టాప్‌కు 12 చాలు. కంప్యూటర్ తాగిన కరెంటంతా చివరికి వేడిగా గదిలోకే వస్తుంది. ఆ వేడిని బయటికి తోయడానికి ఏసీ మళ్లీ కరెంటు తాగుతుంది. కాసేపు లేచి వెళ్లినా స్లీప్‌లో పెట్టండి.

అపోహ: 100 యూనిట్లు దాటితే మొత్తానికీ పెద్ద రేటే.
వాస్తవం: నిజామాబాద్ చుట్టాలు చెప్పేది తెలంగాణ లెక్క. అక్కడ 100 దాటితే మొదటి యూనిట్ల రేటూ మారుతుంది. మన మహారాష్ట్ర కరెంటు సంస్థ మహావితరణ్ బిల్లులో 100 పైబడిన యూనిట్లకే పై శ్లాబు రేటు పడుతుంది. గీత దాటాం కదా అని వదిలేయకండి. ఇక్కడ మీరు మిగిల్చే ప్రతి యూనిట్టూ ముందుగా ఆ ఖరీదైన శ్లాబులోంచే తగ్గుతుంది.